ఎనిమిదీ నలభైకి నేనున్న గ్రహం

కువైట్‌లో నేను మొదట నడిపిన బండికి ఆరు చక్రాలు ఉండేవి. అది ఏ రోడ్డు మీదా తిరగలేదు. అబ్బాసియాలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో, చాప మీద కాళ్లు చాపుకుని, గోడకి ఆనుకుని, చేతిలో కంట్రోలర్ పట్టుకుని నడిపాను. అది తిరిగిన నేలల మీద గాలి ఉండేది కాదు, నీళ్లు ఉండేవి కాదు, ట్రాఫిక్ పోలీసు అసలే ఉండేవాడు కాదు. నిజం బండి నాకు ఆ తర్వాతే వచ్చింది. ఈ రెండు బండ్ల మధ్య నేను చేసిన ఒక పని ఉంది. పెద్ద నేరమేమీ కాదు, ఎవరి ప్రాణమూ పోలేదు. అయినా ఇన్నేళ్ల తర్వాత కూడా స్టీరింగ్ పట్టుకుంటే గుర్తొస్తుంది.

నా భార్య నర్సు. పెళ్లయిన ఏడాదికి ఆమెకి కువైట్‌లో ఉద్యోగం వచ్చింది. ఇంకో ఏడాదికి నన్ను ఫ్యామిలీ వీసా మీద తెచ్చుకుంది. రెండు వేల పది ప్రాంతం. మా నరసాపురం వైపు నుంచి గల్ఫ్‌కి వెళ్లేది ఎక్కువగా ఆడవాళ్లే. మొగుళ్లు ఊళ్లో ఉండి ఫోన్ కోసం చూస్తుంటారు. నేను మాత్రం భార్య వెనకాల విమానం ఎక్కాను. ఊళ్లో ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో గుమాస్తాగా చేసేవాణ్ణి. కువైట్‌లో నా ఇఖామా, అంటే నివాస అనుమతి, ప్రకారం నేను ఎక్కడా పని చేయకూడదు. కింద కూరగాయల కొట్టువాడికి నా పేరు తెలియదు. నన్ను చూపించి "సిస్టర్ గారి ఆయన" అనేవాడు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ మాట విన్న ప్రతిసారీ నేను కొత్తిమీర మర్చిపోయి వచ్చేసేవాణ్ణి.

ఆమె ఉదయం ఆరింటికి వెళ్తే నాలుగు దాటాక వచ్చేది. మధ్యలో నేను అన్నం వండి, బట్టలు ఆరేసి, కిటికీలోంచి ఎదుటి బిల్డింగ్ ఏసీ పెట్టెలు లెక్కపెట్టేవాణ్ణి. నాలుగు నెలలు అలా గడిచాక, ఒక శుక్రవారం ఇద్దరం సెకండ్ హ్యాండ్ సంతకి వెళ్లాం. షువైఖ్‌కి పక్కనే ఉంటుంది. సోఫాలు, తివాచీలు, పంజరాల్లో చిలకలు, ఎవరెవరో వదిలేసిన వస్తువులు. అక్కడ ఒక బెంగాలీ మనిషి దగ్గర గేమ్ మెషీన్ కనిపించింది. నేను దాన్ని రెండుసార్లు చూశానట. నాకు తెలియదు, ఆమె చెప్పింది. బేరమాడి కొనేసింది. "పగలంతా గోడలు చూస్తూ కూర్చోకండి," అంది. లోపల ఒక డిస్క్ అలాగే ఉండిపోయింది. మా ఆట అదే. వేరేది కొనలేదు.

ఇంటికొచ్చి టీవీకి తగిలించాక ఆమె చేసిన మొదటి పని, మెషీన్‌లో గడియారం సరిచేయడం. తన చేతి గడియారం చూసి, తేదీ, గంట, నిమిషం పెట్టింది. ఆటకి గడియారంతో ఏం పని అన్నాను. తప్పు టైము చూపించే వస్తువు ఇంట్లో ఉంటే తనకి నిద్ర పట్టదంది. వార్డులో ఆమె ఏం చేసినా పక్కన టైము రాయాలి. మందు ఇచ్చింది ఎన్నింటికి, జ్వరం చూసింది ఎన్నింటికి, డాక్టర్‌ని పిలిచింది ఎన్నింటికి. ఆ అలవాటు ఇంట్లో పాలపొంగు దాకా వచ్చేది.

ఆటలో నువ్వొక ఓడకి కెప్టెన్‌వి. ఓడలో నీతోపాటు మనుషులుంటారు, మనుషులు కానివాళ్లూ ఉంటారు. వాళ్లతో మాట్లాడాలి. మాట్లాడేటప్పుడు తెర మీద మూడు నాలుగు జవాబులు వస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. నువ్వు చెప్పినది ఆట గుర్తుపెట్టుకుంటుంది. ఎప్పుడో ఇరవై గంటలు గడిచాక ఎవరో వచ్చి, ఆ రోజు నువ్విలా అన్నావుగా అంటారు. ఇంగ్లీషు త్వరగా పోతుంటే ఆమె చదివి చెప్పేది. ఎప్పుడూ మర్యాదైన జవాబే ఎంచమనేది. దోపిడీ దొంగలతో కూడా.

అదంతా బాగానే ఉండేది గానీ, నన్ను పట్టుకున్నది బండి. నక్షత్రాల పటంలో ఒక గ్రహం ఎంచుకుంటే, కొన్నింటి మీద మాత్రమే దిగడానికి వీలుండేది. ఓడ పొట్ట తెరుచుకుని, బండి ఆకాశంలోంచి పడి, నేల తాకేముందు కింద మంట ఊది, ధబ్బున దిగి నాలుగుసార్లు ఎగిరి ఆగేది. ఆపైన నువ్వే. తెర మూలన ఒక చిన్న గుండ్రటి పటం, అందులో రెండో మూడో చుక్కలు. ఒక చుక్క దగ్గర ఏదో లోహపు గుట్ట ఉంటుంది. ఇంకో దాని దగ్గర ఎప్పుడో కూలిన ఓడ. ఇంకోచోట ఏమీ ఉండదు, ఒక రాయి, దాని మీద అర్థం కాని గీతలు. వాటి మధ్య అంతా ఖాళీ నేల. ఆ ఖాళీ నేల దాటడమే ఆట.

తర్వాతెప్పుడో ఇంటర్నెట్‌లో చదివితే తెలిసింది, ఆ బండిని చాలామంది తిట్టుకున్నారని. గ్రహాలన్నీ ఖాళీ అనీ, కొండ ఎక్కుతుంటే బండి తాబేలులా తిరగబడుతుందనీ, ఈ తిరుగుడంతా టైము దండగనీ. తర్వాత వచ్చిన ఆటల్లో చాలావాటిలో బండి తీసేసి, పైనుంచే చూసి తవ్వుకునేలా చేశారట. నాకు బాధేసింది. నాలాంటివాడికి ఆ ఖాళీయే కావాలి. నేను డెల్టా మనిషిని. మా వైపు నేలంతా చదును, వరి, కాలవగట్టు. కొండ అనేది చూడాలంటే బస్సెక్కాలి. ఆటలో ఒకరోజు మంచు కొండలు, ఇంకోరోజు ఎర్రటి లోయ, ఇంకోరోజు ఆకాశంలో సగం కమ్మేసిన పెద్ద నీలం గ్రహం. తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ నేల మీద నేను సిస్టర్ గారి ఆయన్ని కాదు.

ఒక్కో గ్రహానికి ఒక్కో సేవ్, అంటే ఆట ఆపిన చోటు గుర్తు, విడిగా పెట్టుకునేవాణ్ణి. పాతదాని మీద కొత్తది రాయలేదు. పెళ్లి ఆల్బమ్ తిప్పినట్టు ఆ జాబితా కిందికీ పైకీ తిప్పుకోవడం నాకు ఇష్టం. ఫార్మసీ వాళ్లు ఇచ్చిన క్యాలెండర్ వెనక పటాలు కూడా గీశాను. ఆమె గ్రహాలకి తన పేర్లు పెట్టేది. తెల్లటిది ఉప్పు గ్రహం. గుంతలు గుంతలుగా ఉన్నది అమ్మవారి గ్రహం. పసుపుగా పొగలు కక్కేది పనస గ్రహం, ఎందుకో నాకు ఇప్పటికీ తెలియదు.

డ్యూటీ నుంచి వచ్చి, యూనిఫాం హ్యాంగర్‌కి వేసి, అన్నం తిని, నా తొడ మీద తల పెట్టుకుని పడుకునేది. "ఆ కొండ వెనక ఏముందో చూడండి," అనేది. కొండ ఎక్కేలోపే కళ్లు మూతలు పడేవి. బండి ఎగిరి పడినప్పుడు స్పీకర్‌లో పెద్ద చప్పుడు వచ్చేది, కంట్రోలర్ అదిరేది. అందుకని ఆమె నిద్రపోయాక నేను గుంతలు తప్పించుకుంటూ, రాళ్ల చుట్టూ తిరిగి, ఒక్కో చక్రం దింపుతూ నడిపేవాణ్ణి. సౌండ్ తగ్గించొచ్చు కదా అని మీరడగొచ్చు. తగ్గించొచ్చు. కానీ అలా నడపడం నాకు బాగుండేది. నా జీవితంలో ఆమెని నేను జాగ్రత్తగా మోసుకెళ్లిన రోజులు అప్పటికి అవే.

రెండో ఏడాది చలికాలం చివర ఆమెకి నెల తప్పింది. అదే నెలలో వేరే క్లినిక్‌కి బదిలీ చేశారు. అప్పటిదాకా గుమ్మం దగ్గరికి హాస్పిటల్ బస్సు వచ్చేది. కొత్త చోటికి రెండు బస్సులు మారాలి, చివరి స్టాపు నుంచి రోడ్డు పక్కన ఇసకలో పదిహేను ఇరవై నిమిషాలు నడవాలి. నర్సుల్ని తీసుకెళ్లే వ్యాన్లేవీ ఆ దారిన పోవు. రోజూ రెండుపూటలా టాక్సీ మాకు కుదిరే పని కాదు. ఆమెకి చిన్నప్పట్నుంచీ కొంచెం ఆయాసం ఉంది. ఆ రోజు చెప్పులు విప్పకుండానే మంచం మీద కూర్చుని, నన్ను ఒక్కటే అడిగింది. ఎండలు ముదిరేలోగా నేను డ్రైవింగ్ లైసెన్సు తెచ్చుకోవాలి. పాత కారు ఒకటి కొనడం తను చూసుకుంటుంది. మోకాళ్ల మీద పడి అడిగినట్టు అడగలేదు, మామూలుగా అడిగింది. ఆ ఇంట్లోకి నేను వచ్చాక ఆమె నన్ను అడిగిన మొదటి పని అది.

నాకు రావాల్సిన కాగితాలన్నీ ఆఫీసులు తిరిగి ఆమే తెచ్చింది. నేర్పడానికి మా అంతస్తులోనే ఎదురుగా బ్యాచిలర్ గదిలో ఉండే ఒకాయన ఒప్పుకున్నాడు. జగిత్యాల దగ్గరి మనిషి, షువైఖ్ గోడౌన్లలో హాఫ్‌లారీ అనే చిన్న ట్రక్కుకి డ్రైవరు. నాకంటే పదేళ్లు పెద్ద. నన్ను తమ్మీ అనేవాడు, ఆమెని చెల్లె అనేవాడు. డబ్బు తీసుకోనన్నాడు, శుక్రవారం చేపల పులుసు పెడితే చాలన్నాడు. శుక్రవారం పొద్దున్నే తన పాత కారులో అర్దియా వర్క్‌షాపుల వెనక ఖాళీ స్థలానికి తీసుకెళ్లేవాడు. షట్టర్లన్నీ మూసి ఉండేవి. పాత టైర్లు వరసగా పెట్టి వాటి మధ్య తిప్పమనేవాడు.

నాకు నేర్చుకోవడం కష్టమైంది. నడపడం రాకపోవడం కాదు, వచ్చని అనుకోవడం. ఎదురుగా సిమెంటు దిమ్మ కనబడితే నా చెయ్యి దాని చుట్టూ తిప్పదు, దాని మీదకే పోతుంది. ఆరు చక్రాల బండితో ఏడాదికి పైగా కొండలెక్కిన చెయ్యి మరి. బ్రేకు అవసరమని కాలికి తెలియదు. ఆటలో ఎంత ఎత్తు నుంచి పడ్డా బండి తనంతట తనే నిలబడేది.

"తమ్మీ," అన్నాడు ఒకరోజు, టైరు మీదకి ఎక్కించాక, చాలా నెమ్మదిగా. "రాయి గనవడితే పక్కకు వోవాలె. నువ్వేంది, సుట్టాల ఇల్లు గనవడ్డట్టు సక్కగ దాంట్లకే వోతవ్?"

నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. ఆ శుక్రవారాలు ఇప్పుడు తల్చుకుంటే అవే నా మంచి రోజులనిపిస్తుంది. స్టీలు ఫ్లాస్కులో టీ, డాష్‌బోర్డు మీద ఖుబ్జ్ రొట్టె, ఆయన ఊరి బీడీల కథలు.

మొదటి పరీక్షలో మూడో నిమిషానికే ఫెయిలయ్యాను. మలుపు దగ్గర, రంగులేసిన గట్టు మీదకి ముందు చక్రం ఎక్కించాను. పక్కన కూర్చున్న పోలీసు అధికారి నా వైపు చూడలేదు కూడా. "ఖలాస్," అని కాగితం మీద పెన్ను పెట్టాడు. చాలామంది రెండుమూడుసార్లు వెళ్లాకే పాసవుతారని మా వాళ్లందరూ చెప్పారు. మూడు వారాల తర్వాత ఒక మంగళవారం పొద్దున ఎనిమిదిన్నరకి రెండో పరీక్ష.

ఆ మంగళవారం నాకు నిమిషాలతో సహా గుర్తుంది. ఐదున్నరకి ఆమె నన్ను లేపి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది. ఇస్త్రీ చేసిన చొక్కా కుర్చీకి వేసి ఉంది. అప్పటికి ఆమెకి ఐదో నెల. బ్యాగులో మంచినీళ్ల సీసా, ఆయాసానికి పీల్చుకునే మందు పెట్టుకుని ఆరింటికి మెట్లు దిగింది. నేను స్నానం చేసి, గడ్డం గీసుకుని, ఆ చొక్కా వేసుకున్నాను. ఏడు కూడా కాలేదు. కాసేపు మనసు కుదుటపడుతుందని మెషీన్ పెట్టాను.

ముందురోజు ఒక పెద్ద ఉల్కాబిలం అంచు దగ్గర ఆపి ఉంచాను. అవతల గట్టు మీద చూడని చుక్క ఒకటి మిగిలింది. ఏడుంబావుకి లేవాలి. ఏడుంబావుకి బిలం అడుగున ఉన్నాను. ఏడున్నరకి, టాక్సీలో వెళ్దాంలే అనుకున్నాను. ఫోన్ మోగింది. నాకు నేర్పిన ఎదురింటి అన్న. ఆ పూట పని మానుకుని పరీక్ష మైదానం దగ్గరికి వచ్చి నిలబడతానని ముందే చెప్పాడు. ఎత్తలేదు. మళ్లీ మోగింది. ఫోన్ దిండు కింద పెట్టాను. ఆ గట్టు ఎక్కడం చాలా కష్టం. బండి సగం ఎక్కి జారుతోంది. నేను అడ్డంగా, పాములా మెలికలు తిప్పుకుంటూ ఎక్కించాను. అంత బాగా నేనెప్పుడూ నడపలేదు.

పైకెక్కాక చుక్క దగ్గర ఏమీ లేదు. కానీ గట్టు అవతల నేలంతా వెండిలా మెరుస్తోంది, రెండు చందమామలు ఒకదాని వెనక ఒకటి లేస్తున్నాయి. ఇస్త్రీ చొక్కాలో, కాళ్లకి మేజోళ్లతో, చాప మీద కూర్చుని దాన్ని చూశాను. సేవ్ చేశాను. అంత అందమైనది ఊరికే పోనివ్వడం ఎలా?

భయం వల్ల వెళ్లలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే. మిగతా సగం చెప్పడానికి సిగ్గుగా ఉంటుంది. పాసైతే నేను ఆమెకి డ్రైవరునవుతాను. సిస్టర్ గారి ఆయన ఇక సిస్టర్ గారి డ్రైవరు. ఆ ఊహ నాకు ఎక్కడో గుచ్చుకుంది. ఐదో నెల కడుపుతో ఇసకలో నడిచేది ఆమె, గుచ్చుకున్నది నాకు.

పదింటికి టీ విరామంలో ఫోన్ చేసింది. మళ్లీ ఫెయిలయ్యానని చెప్పాను. అంతటితో ఊరుకోలేదు. ఆ అధికారి మన ముఖం చూడగానే రాసేశాడు, అసలు బండి కదలనివ్వలేదు అన్నాను. పోనీలెండి, అన్నం తినండి, అంది. మధ్యాహ్నం ఎదురింటి అన్నతో, నాకు జ్వరమొచ్చి పరీక్షకి వెళ్లలేదని చెప్పాను. ఒకే అంతస్తులో పదడుగుల దూరంలో రెండు తలుపులు. ఒక తలుపు లోపల ఫెయిలయ్యానని, ఇంకో తలుపు లోపల వెళ్లనే లేదని. మెట్ల మీద అడుగుల చప్పుడు వింటే నాకు నిజంగానే జ్వరం వచ్చేది.

ఆ శుక్రవారం మా ప్రార్థన కూడిక. పదిహేను ఇరవై మందిమి ఒకళ్ల ఫ్లాట్‌లో చేరేవాళ్లం. ఎక్కువమంది ఇళ్లలో పనిచేసే అక్కలు. వారానికి ఆ ఒక్క పూట వాళ్ల మామా, అంటే ఇంటి యజమానురాలు, ఒప్పుకుంటే వచ్చేవాళ్లు. ప్రార్థన అవసరతలు చెప్పే సమయంలో నా భార్య లేచింది. నా లైసెన్సు విషయం చెప్పి, ఆ అధికారి మనసు మెత్తబడేలా ప్రార్థించమని అడిగింది. అందరూ కళ్లు మూసుకున్నారు. నాలుగేళ్లుగా పిల్లల మొహం చూడని ఒక అక్క తన బాధ పక్కన పెట్టి, నా పేరు పెట్టి, ఆ అధికారి కఠిన హృదయం కరగాలని పది నిమిషాలు కన్నీళ్లతో ప్రార్థించింది. ఆ మంగళవారం నా ముఖమే చూడని మనిషి హృదయం కోసం. నేనూ కళ్లు మూసుకుని ఆమెన్ అన్నాను. గట్టిగానే అన్నాను.

రెండు వారాలకి దుమ్ము లేచింది. పొద్దున బాగానే ఉన్న ఆకాశం మధ్యాహ్నానికి నారింజ రంగుకి తిరిగింది. కిటికీలోంచి ఎదుటి బిల్డింగ్ కనబడలేదు. నేను అచ్చం అలాంటి గ్రహం మీద ఎన్నోసార్లు తిరిగాను. బండి అద్దం లోపల నుంచి చూస్తే అది చాలా బాగుంటుంది. ఆ టైముకి ఆమె క్లినిక్ నుంచి స్టాపుకి నడుస్తోంది. ఇంటికొచ్చేసరికి కనురెప్పల మీద, చెవుల్లో, యూనిఫాం మడతల్లో సన్నటి పచ్చటి దుమ్ము. మాట్లాడలేకపోతోంది, పిల్లికూతలు నాకు వినబడుతున్నాయి. ఎదురింటి అన్న అప్పుడే పని నుంచి వచ్చాడు. ఆయన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. నేను వెనక సీట్లో ఆమెని పట్టుకుని కూర్చున్నాను. రెండు రోజులు ఉంచుకుని, బిడ్డకేం భయం లేదని పంపించారు. వారం సెలవిచ్చారు.

ఆ వారంలో మూడోరోజు మధ్యాహ్నం నేను కూర తరుగుతున్నాను. ఆమె మంచం మీంచి దిగి చాప మీద కూర్చుంది. ఉప్పు గ్రహం తను నడుపుతానంది. ఇన్నాళ్లూ చూడటమే గానీ ఎప్పుడూ కంట్రోలర్ పట్టుకోలేదు. నేను సంబరపడి, పాత సేవ్‌లన్నీ జాబితాలో ఉంటాయి, కిందికి వెళ్తూ చూడు అని వంటింట్లోంచే చెప్పాను. చెప్పాక గుర్తొచ్చింది. బెండకాయ సగంలో ఆగిపోయింది నా చెయ్యి.

ఆ జాబితాలో ప్రతి సేవ్ పక్కనా తేదీ, టైము ఉంటాయి. ఆమె చేత్తో సరిచేసిన గడియారమది. నేను గదిలోకి వచ్చేసరికి జాబితా మధ్యలో ఆగి ఉంది. వార్డులో డ్యూటీ మారేటప్పుడు చార్టు చదివినట్టు చదువుతోంది, పెదాలు కొద్దిగా కదుపుతూ.

"ఆ మంగళవారం ఎనిమిదీ నలభైకి మీరెక్కడున్నారండీ?" అంది.

తెర మీద రెండు చందమామల చిన్న బొమ్మ ఉంది. కరెంటు పోయి గడియారం తప్పిందేమో అని అనబోయాను. ఆ మాట నోటి దాకా వచ్చింది, అది దాచను. ఆమె ముఖం చూసి మింగేశాను.

"ఇక్కడే," అన్నాను.

ఏడవలేదు, అరవలేదు. కంట్రోలర్ నేల మీద పెట్టింది. "మా దగ్గర రాయనిది జరగనట్టే లెక్క. రాసింది జరిగినట్టే," అంది. తర్వాత, "ఆ అధికారి కోసం అందరిచేతా ప్రార్థన చేయించాను," అంది. తన కాళ్లనొప్పి గురించి అనలేదు, దుమ్ము గురించి అనలేదు. ఆ అధికారి మీద లేని నింద వేయించినందుకే ఆమె గొంతు మారింది.

సాయంత్రం నేను ఆ సేవ్ చెరిపేస్తానన్నాను. వద్దంది. చార్టులో తప్పు రాస్తే కాగితం చింపరు, దిద్దుబాటు కింద రాసి సంతకం పెడతారంది. రాబోయే కూడికలో లేచి మీరే చెప్పండి అని ఆమె అనలేదు. కానీ నాకు అర్థమైంది. అర్థమయ్యాక కూడా రెండు శుక్రవారాలు తప్పించుకున్నాను. ఒకసారి తలనొప్పి, ఇంకోసారి పాటలు ఎక్కువై టైము చాల్లేదు. మూడో శుక్రవారం సాక్ష్యాలు చెప్పే సమయంలో లేచాను. ఆ రోజు నేను పరీక్షకి వెళ్లలేదు, ఇంట్లో కూర్చుని వీడియో గేమ్ ఆడుకున్నాను, ఆ అధికారి ఏ తప్పూ చేయలేదు అని చెప్పాను. ఏడుస్తూ ప్రార్థించిన అక్క నా వైపు తిరిగింది.

"అయితే తమ్ముడూ," అంది, "నా పది నిమిషాలూ ఎవరి ఖాతాలోకి పోయినట్టు?"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ నవ్వారు, ఆ అక్క కూడా. నా భార్య నవ్వలేదు.

ఇంటికొచ్చి ఎదురింటి తలుపు కొట్టాను. ఆయన బనీనుతో కూర్చుని గోళ్లు తీసుకుంటున్నాడు. జ్వరం సంగతి అబద్ధమని చెప్పాను. తెలుసన్నాడు. పరీక్ష అయిన మర్నాడే నా భార్య మెట్ల మీద కలిసి, అన్నయ్యా, మళ్లీ పోయిందంట కదా అని అడిగిందట. నేను మైదానానికే రాలేదని తెలిసిన మనిషి, ఒక్క క్షణం ఆలోచించి, అవు చెల్లె, పోయింది అన్నాడట.

"నేను జెప్తే నీ ఇజ్జత్ వోతది," అన్నాడు. "నువ్వే జెప్తవని సూషిన. గీన్ని దినాలు వడతదనుకోలే." తర్వాత నెయిల్‌కట్టర్ పక్కన పెట్టి, శుక్రవారం పొద్దున ఐదింటికి కిందికి రమ్మన్నాడు.

మూడో పరీక్షలో పాసయ్యాను. అదే అధికారి. గట్టు దగ్గర నేను ఎంత నెమ్మదిగా తిప్పానంటే ఆయన విసుక్కుని యల్లా యల్లా, పద పద, అన్నాడు. నాకు ఆయన చేతులు పట్టుకుని క్షమాపణ అడగాలనిపించింది. ఏ సంగతికో ఆయనకేం తెలుస్తుంది. కాగితం తీసుకుని దిగిపోయాను.

పాత తెల్ల కారు కొన్నాం. ఎనిమిదో నెల నుంచీ ఆమెని రోజూ దింపి, రోజూ తెచ్చాను. సిస్టర్ గారి డ్రైవరునే అయ్యాను. గుచ్చుకోలేదు. గుచ్చుకునేంత తీరిక లేదు. కానీ ఒకటి గమనించాను. ఎంత అలసిపోయి ఎక్కినా కారులో ఆమె కళ్లు మూయదు. బెల్టు పట్టుకుని, రోడ్డు చూస్తూ కూర్చుంటుంది. పక్క బండి దగ్గరికొస్తే పాదం నేలకి నొక్కుతుంది. చాప మీద, బండి కొండలెక్కుతుంటే నా ఒళ్లో నిద్రపోయిన మనిషి. నేనేమీ అడగలేదు. అడిగే హక్కు నాకు లేదు.

అమ్మాయి పుట్టింది. మెషీన్ అలమరా పైకి చేరింది. ఒకటి రెండుసార్లు దుమ్ము దులిపి పెట్టి చూశాను, అన్ని గ్రహాలూ ఉన్నాయి, రెండు చందమామలదీ ఉంది. దాన్ని తెరవలేదు. ఆ ఖాళీ నేలలన్నా, వాటిమీద నెమ్మదిగా కదిలే ఆ బండన్నా నాకు ఇప్పటికీ ప్రేమే. ఆట చేసిన పాపం ఏమీ లేదు. నన్ను అక్కడికి మోసుకెళ్లింది, టైము కూడా నిజమే రాసింది.

అమ్మాయికి ఏడాది దాటిన చలికాలంలో ఒకరోజు, నా భార్యని నైట్ డ్యూటీ నుంచి తీసుకొస్తున్నాను. పొద్దున ఏడు దాటింది, ఎండ లేతగా ఉంది. అమ్మాయి ఎదురింట్లో, ఆ అన్న దగ్గర. అర్దియా సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏదో చెప్పబోయి పక్కకి చూశాను. ఆమె తల అద్దానికి ఆనుకుని ఉంది. నోరు కొంచెం తెరుచుకుంది. బెల్టు మీద చెయ్యి జారిపోయి ఒళ్లో పడి ఉంది.

పచ్చ లైటు పడింది. వెనక వాళ్లు హారన్ కొట్టారు. నేను నెమ్మదిగా కదిలాను. గుంతలు తప్పించుకుంటూ, స్పీడ్ బ్రేకర్ల దగ్గర ఒక్కో చక్రం దింపుతూ అబ్బాసియా దాకా వచ్చాను. మా బిల్డింగ్ ముందుకి వచ్చేశాం. కారు వేగం తగ్గినందుకో ఏమో, కళ్లు తెరవకుండానే అడిగింది.

"వచ్చేశామా?"

"లేదు, ఇంకా ఉంది," అన్నాను.

సందు చివరిదాకా పోయి, కూరగాయల కొట్టు పక్క నుంచి తిప్పి, ఇంకో చుట్టు తిరిగాను. తర్వాత ఇంకోటి. ఆమె లేచాక, టీ కప్పు చేతికిచ్చి, ఆ రెండు చుట్ల సంగతి చెప్పేశాను.